50 ఏళ్ల వారంటీ, 8 ఏళ్లకే గోడలోకి దిగిన స్క్రూడ్రైవర్: ఇంజనీర్డ్ వుడ్ సైడింగ్ అసలు కథ



ఈరోజు ఎపిసోడ్ ఒక స్క్రూడ్రైవర్‌తో మొదలుపెడదాం.

పోయిన సంవత్సరం మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. అమెరికాలో నార్త్ కరోలైనా, రాలీ పక్కన కేరీ అనే ఊరు. బావకి వేరే స్టేట్‌లో ఉద్యోగం వచ్చింది, ఇల్లు అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు కూడా దొరికారు. వాళ్ల తరఫున ఒక హోమ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అక్కడ ఇల్లు కొనేముందు ఇలా చెక్ చేయించుకోవడం మామూలే. ఆయన ఇల్లంతా తిరిగి, చివరికి గ్యారేజీ పక్క గోడ దగ్గర ఆగాడు. స్క్రూడ్రైవర్ తీసి గోడ కింది అంచు మీద మెల్లగా నొక్కాడు. అంతే, కేకులోకి దిగినట్టు లోపలికి దిగిపోయింది.

బావ ఏం మాట్లాడలేదు. అక్క ముఖం చూస్తే నాకే భయమేసింది. ఎందుకంటే ఆ ఇంటికి బయటి సైడింగ్ మొత్తం మార్పించి అప్పటికి 8 ఏళ్లే. అప్పుడు కాంట్రాక్టర్ చెప్పిన మాట ఒకటే: "50 ఏళ్ల వారంటీ సార్, ఇక మర్చిపోండి."

50 ఎక్కడ, 8 ఎక్కడ? మోసం ఎక్కడ జరిగింది? బోర్డులోనా, బిగించడంలోనా, లేక మనలోనా? ఈ ప్రశ్న పట్టుకుని నేను రెండు వారాలు కూర్చున్నాను. ఉద్యోగం మానేసినవాడికి టైమ్‌కి కొదవ లేదు కదా! దొరికిన జవాబే ఈరోజు ఎపిసోడ్.

ముందు బేసిక్స్. మన దగ్గర గోడ అంటే ఇటుక, సిమెంటు, దాని మీద ప్లాస్టరింగ్. అమెరికాలో ఎక్కువ ఇళ్లకి గోడ అంటే చెక్క ఫ్రేమ్. నిలువుగా స్టడ్స్ అనే చెక్క కడ్డీలు, సాధారణంగా 16 అంగుళాలకి ఒకటి. లోపలి వైపు జిప్సం బోర్డు. స్టడ్స్ మధ్యలో చలీ ఎండా ఆపే ఇన్సులేషన్. బయటి వైపు ఓఎస్‌బీ లేదా ప్లైవుడ్ షీట్లు. వాటి మీద నీళ్లు లోపలికి పోనివ్వని ఒక పొర, దాన్ని హౌస్‌ర్యాప్ అంటారు. అన్నిటికంటే బయట కనిపించేది సైడింగ్.

అంటే సైడింగ్ ఇంటిని మోసేది కాదు, ఇంటికి తొడిగిన రెయిన్‌కోట్. అడ్డంగా పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది చూశారా హాలీవుడ్ సినిమాల్లో, అదే ల్యాప్ సైడింగ్. పై పట్టీ కింది పట్టీ మీదకి కనీసం ఒక అంగుళం ఎక్కి ఉంటుంది. మన పెంకుటింటి లెక్కే. పై వరస పెంకు కింది వరస మీదకి వస్తుంది, నీళ్లు జారిపోతాయి. తెనాలి దగ్గర మా నాయనమ్మ ఇంటి కప్పుకీ, కేరీలో మా అక్క ఇంటి గోడకీ ఫిజిక్స్ ఒక్కటే.

ఈ సైడింగ్ దేంతో అయినా చేయొచ్చు. వినైల్ అంటే ప్లాస్టిక్. ఫైబర్ సిమెంట్ అంటే సిమెంటు, ఇసుక, చెక్క పీచు కలిపిన పలక. అసలు చెక్క కూడా వాడతారు. ఇక నాలుగోది ఇంజనీర్డ్ వుడ్. మన హీరో, విలన్ రెండూ ఇదే.

ఇంజనీర్డ్ వుడ్ సైడింగ్ ఎలా చేస్తారంటే, దుంగల్ని పలుచటి పేళ్లుగా చీలుస్తారు. వాటికి మైనం, జిగురులా పనిచేసే రెజిన్ కలుపుతారు. మంచి రకాల్లో జింక్ బోరేట్ అనే ఉప్పు కూడా కలుపుతారు. ఫంగస్‌కీ చెదలకీ అది పడదు. ఆ మిశ్రమాన్ని పరిచి, బాగా వేడి పెట్టి, భారీ ప్రెస్‌తో అదుముతారు. పైన రెజిన్‌లో నానబెట్టిన కాగితం పొర అతికిస్తారు. పెయింట్ పట్టుకునేది ఆ పొర మీదే.

ఇప్పుడు ఒక్క క్షణం అటుకుల గురించి ఆలోచించండి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. వడ్లు నానబెట్టి, వేయించి, దంచి అదిమితే అటుకులు. పొడిగా ఉన్నంతకాలం డబ్బాలో నెలల తరబడి ఉంటాయి. నీళ్లు తగిలితే? రెండు నిమిషాల్లో ఉబ్బుతాయి. మళ్లీ ఆరబెట్టినా మొదటి రూపానికి రావు. ప్రెస్‌లో అదిమిన చెక్క కూడా అంతే. లోపలికి నీళ్లు చేరితే ఆ పేళ్లు మళ్లీ విచ్చుకోవాలని చూస్తాయి. అంచు లావెక్కుతుంది. లావెక్కిన అంచు పెయింట్‌ని చీలుస్తుంది. ఆ చీలికలోంచి ఇంకా నీళ్లు. అలా తడి ఆరకుండా ఉంటే ఫంగస్ మొదలవుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంచగలిగితే భయం లేదని ఈ రంగంలో వాళ్ల లెక్క. ఆ పైన ఎక్కువ రోజులు ఉంటే కుళ్లు మొదలైనట్టే.

మన ఇళ్లలో కూడా ఇది చూశారు మీరు. కిచెన్ సింక్ కింద కప్‌బోర్డు! మూడేళ్లకే అడుగున ఉబ్బి, పొర ఊడి, తలుపు పట్టదు. పై తలుపులు మాత్రం కొత్తవాటిలా ఉంటాయి. మెటీరియల్ ఒకటే, తేడా నీళ్లు ఎక్కడ తగిలాయన్నదే.

సరే, చరిత్రలోకి ఒక చిన్న రౌండ్. 1980ల్లో అమెరికాలో లూసియానా పసిఫిక్ అనే కంపెనీ ఇన్నర్ సీల్ అనే పేరుతో ఓఎస్‌బీ సైడింగ్ అమ్మింది. అసలు చెక్క కంటే చవక, చూడ్డానికి చెక్కలాగే ఉంటుంది. బాగా అమ్ముడైంది. కొన్నేళ్లకి తడి ఎక్కువ ఉండే ప్రాంతాల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి: అంచులు ఉబ్బుతున్నాయి, కుళ్లుతున్నాయి అని. ఇళ్ల యజమానులంతా కలిసి కేసు వేశారు. 1996లో కంపెనీ వందల మిలియన్ డాలర్ల సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంది. అదే దశాబ్దంలో హార్డ్‌బోర్డ్ సైడింగ్ మీద కూడా ఇలాంటి కేసులే నడిచాయి.

ఆ దెబ్బ తర్వాత 1997లో అదే కంపెనీ స్మార్ట్‌సైడ్ అనే కొత్త రకం తెచ్చింది. జింక్ బోరేట్ కలిపింది, రెజిన్ పద్ధతి మార్చింది. ఈ కొత్త తరానికి పాత తరం లాంటి పేరు రాలేదు. దాదాపు మూడు దశాబ్దాలుగా అమ్ముడవుతూనే ఉంది. అంటే మెటీరియల్ నిజంగానే బాగుపడింది. ఇది ఒప్పుకోవాలి.

మరి మా అక్క ఇంట్లో ఏమైంది? వాళ్ల బోర్డు పాతది కాదు, కొత్త తరందే. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను, ఎందుకంటే కథ చివరికి తప్పు బోర్డుది కాదని తేలింది.

నేను చేసిన పని సింపుల్. ఆ రకం బోర్డులకి కంపెనీలు ఇచ్చే ఇన్‌స్టలేషన్ సూచనలు డౌన్‌లోడ్ చేశాను. ఫోన్‌లో ఆ పీడీఎఫ్, చేతిలో టేపు. గోడ చుట్టూ తిరిగాను. సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్లు చేసిన పని ఇదే కదా, డాక్యుమెంటేషన్ ఒకటి చెప్తుంది, ప్రొడక్షన్‌లో ఇంకోటి నడుస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డమే డీబగ్గింగ్.

ఆ సూచనల్లో ముఖ్యమైనవి ఐదు చెప్తాను. కారణంతో సహా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే రూల్ గుర్తుంటుంది.

ఒకటి, కోసిన అంచు. బోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు పైన పొర, ప్రైమర్, అన్నీ ఉంటాయి. కానీ సైట్‌లో కిటికీ దగ్గరో మూల దగ్గరో కొలతకి కోయాలి. రంపం తగిలిన చోట లోపలి పేళ్లు బయటపడతాయి. అక్కడ కవచం లేదు. అందుకే కోసిన ప్రతి అంచుకీ ప్రైమర్ గానీ పెయింట్ గానీ వేయాలి, లేదా సీలెంట్‌తో మూయాలి. ఒక్కో ముక్కకి అర నిమిషం పని. ఇంటికి కొన్ని వందల కోతలుంటాయి. అందుకే ఎగ్గొట్టాలనిపించేది కూడా ఈ పనే.

రెండు, గ్యాప్. రెండు బోర్డులు కలిసేచోట, కిటికీ ఫ్రేమ్ పక్కన, మూల పట్టీల దగ్గర 3/16 అంగుళం ఖాళీ వదలాలి. అంటే సుమారు 5 మిల్లీమీటర్లు. చెక్క గాలిలో తేమ పీల్చి కొంచెం పెరుగుతుంది. ఈ బోర్డులు 16 అడుగుల పొడవుంటాయి. పెరగడానికి చోటు లేకపోతే మధ్యలో అలలా ఉబ్బుతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. ఫైబర్ సిమెంట్ బోర్డుల్ని అంచులు తాకేలా పెట్టే పద్ధతి ఉంది. ఆ పనికి అలవాటుపడ్డ టీమ్ వస్తే, దీన్ని కూడా అలాగే దగ్గరగా బిగించేస్తారు. చెడ్డ పనివాళ్లు కాదు, అలవాటు తప్పు.

మూడు, మేకు. జింకు పూత మందంగా ఉన్న గాల్వనైజ్డ్ మేకులే వాడాలి, అవి స్టడ్‌లోకి దిగాలి. మేకు తల బోర్డు పైభాగంతో సమానంగా ఆగాలి. నెయిల్ గన్‌లో గాలి ప్రెషర్ ఎక్కువ పెడితే తల లోపలికి దూసుకుపోతుంది. పై పొర చిరిగి చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. అలా లోపలికి పోయిన ప్రతి మేకునీ సీలెంట్‌తో మూయాలి, మరీ లోతుగా పోతే పక్కన ఇంకో మేకు కూడా కొట్టాలి.

నాలుగు, దూరం. ఇది చాలా ముఖ్యం. బోర్డు కింది అంచు నేల నుంచి కనీసం 6 అంగుళాల ఎత్తులో ఉండాలి. వాన చినుకు నేల మీద పడి ఎగిరి గోడకి కొడుతుంది కదా, అది తప్పించుకోవడానికి. వరండా, నడిచే దారి లాంటి గట్టి నేల ఉంటే కనీసం ఒక అంగుళం. కింది కప్పు పై గోడని కలిసే చోట కూడా ఒక అంగుళం ఖాళీ.

ఐదు, నీళ్లకి దారి. కప్పు అంచు గోడ దగ్గర ఆగే మూలలో కిక్ అవుట్ ఫ్లాషింగ్ అని ఒక వంచిన రేకు ముక్క పెట్టాలి. కప్పు మీద నుంచి జారే నీళ్లన్నీ ఆ మూలకి చేరతాయి. రేకు ఉంటే వాటిని గోడ నుంచి దూరంగా నెట్టి గట్టర్‌లో పడేస్తుంది. లేకపోతే అదంతా నేరుగా సైడింగ్ వెనక్కి పోతుంది. అరచేతి సైజు రేకు ముక్క అది.

ఇప్పుడు మా అక్క ఇంటి గోడకి వద్దాం. స్క్రూడ్రైవర్ దిగిన చోట పైన చూస్తే గ్యారేజీ కప్పు వచ్చి గోడని కలిసే మూల. కిక్ అవుట్ ఫ్లాషింగ్ లేదు. బోర్డు కప్పు షింగిల్స్‌ని తాకుతూ ఉంది, అంగుళం ఖాళీ లేదు. పాడైన బోర్డు ఊడదీశాక కోసిన అంచు చూశాం. ప్రైమర్ చుక్క లేదు. పేళ్లు నల్లగా, మెత్తగా, చేత్తో పిండితే పొడి. 8 ఏళ్ల క్రితం ఎవరో అర నిమిషం మిగుల్చుకున్నారు.

ఇంతవరకూ తప్పంతా కాంట్రాక్టర్ మీద వేసేసి నేను హాయిగా ఉన్నాను. తర్వాత ఇంటి వెనక్కి వెళ్లాను. అక్కడ కూడా రెండు బోర్డులు కింద ఉబ్బాయి. కానీ అక్కడ కప్పు లేదు, మూల లేదు. టేపు పెట్టి కొలుద్దామంటే నేల కనపడట్లేదు. గోడకి ఆనుకుని అక్క గోంగూర, తోటకూర మడి. మొక్కల మొదళ్లలో మల్చ్, అంటే నేల మీద పరిచే బెరడు ముక్కలు. ఏటా వేసవి ముందు ఒక రెండు అంగుళాలు కొత్తగా వేస్తూ వచ్చింది. పాతది పూర్తిగా తీయదు. 6 అంగుళాలు ఉండాల్సిన ఖాళీ సున్నా అయ్యింది. పైగా రోజూ పొద్దున స్ప్రింక్లర్ నీళ్లు గోడ మీదకే.

నాకు చెప్పడానికి నోరు రాలేదు. అక్కే అడిగింది, "ఏంట్రా, ఇది కూడా వాళ్లదేనా?" అని.

"లేదక్కా, ఇది మన గోంగూరదే" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బావే నవ్వేశాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఎనిమిదేళ్లు ఆ పచ్చడి నేనే కదా తిన్నాను. సగం తప్పు నాది" అన్నాడు.

ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఆ వెనక గోడే. నాసిరకం పని చేసినవాణ్ణి తిట్టడం ఈజీ. కానీ బాగా బిగించిన గోడ కూడా మనం చూసుకోకపోతే పాడవుతుంది. ఆ ఇంటి మిగతా గోడలన్నీ నేను తట్టి, నొక్కి చూశాను. గట్టిగా ఉన్నాయి. అదే బోర్డు, అదే పెయింట్, అదే ఎనిమిదేళ్ల వాన. రాలీలో మనకి లాగా నాలుగు నెలల వానాకాలం కాదు, ఏడాది పొడవునా ఏదో ఒక వారం పడుతూనే ఉంటుంది. అయినా నీళ్లు నిలవని చోట బోర్డు చెక్కుచెదరలేదు.

మరి 50 ఏళ్ల వారంటీ? ఆ కాగితం చదివాం. ఇలాంటి వారంటీల్లో సాధారణంగా ఉండే విషయం ఇది: మొదటి 5 ఏళ్లు పూర్తి కవరేజీ, కూలీతో సహా. ఆ తర్వాత ప్రోరేటెడ్, అంటే ఏడాది గడిచేకొద్దీ వాళ్లు ఇచ్చే వాటా తగ్గుతూ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన లైను: కంపెనీ సూచనల ప్రకారం బిగించి, ఆ ప్రకారం చూసుకుంటేనే వర్తిస్తుంది. ప్రైమర్ వేయని అంచు, నేలకి తాకిన బోర్డు ఫొటో తీసి పంపితే వాళ్లు ఏమంటారో ఊహించుకోండి. మేము క్లెయిమ్ పెట్టలేదు. కాంట్రాక్టర్ పాత ఫోన్ నంబరు పనిచేయలేదు.

రిపేర్ చేయించారు. పాడైన బోర్డులు తీసేస్తే గ్యారేజీ మూలలో వెనకున్న షీట్ కూడా రెండడుగుల మేర కుళ్లింది. అదృష్టం, స్టడ్ వరకూ పోలేదు. కొత్త షీట్, కొత్త హౌస్‌ర్యాప్, కిక్ అవుట్ రేకు, కొత్త బోర్డులు. బిల్లు ఐదు వేల డాలర్లకి కాస్త తక్కువ. ఈసారి వచ్చిన మేస్త్రీ రంపం పక్కనే చిన్న ప్రైమర్ డబ్బా, బ్రష్ పెట్టుకున్నాడు. కోయడం, పూయడం, బిగించడం. చూడ్డానికి బోరింగ్‌గా ఉంది. కానీ బావ అరగంట సేపు కుర్చీ వేసుకుని అదే చూశాడు. అమ్మకం కూడా ఆగలేదు, మూడు వారాలు ఆలస్యమైంది, అంతే.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. "అన్నా, మరి ఇంజనీర్డ్ వుడ్ మంచిదా కాదా?" నా మాట ఇది. ఫైబర్ సిమెంట్ కుళ్లదు, మండదు. కానీ బరువు ఎక్కువ, కోస్తే వచ్చే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. వినైల్ చవక, కుళ్లదు. కానీ గోడ దగ్గర బార్బెక్యూ గ్రిల్ పెడితే కరిగి వంకరపోతుంది, బాగా చలిలో దెబ్బ తగిలితే పగలొచ్చు. ఇంజనీర్డ్ వుడ్ తేలిక, మామూలు చెక్క రంపంతోనే కోయొచ్చు, వడగళ్ల దెబ్బ బాగా తట్టుకుంటుంది. బలహీనత ఒక్కటే, తడి నిలవడం. కాబట్టి బిగించేవాడు మంచివాడైతే ఇది మంచి బోర్డు. కాకపోతే కాదు.

అమెరికాలో ఉన్నవాళ్లు, లేదా అక్కడ అన్నో అక్కో ఇల్లు కొంటున్నవాళ్లు, ఈ పది నిమిషాల చెక్ చేయండి, చేయించండి. ఇంటి చుట్టూ తిరిగి బోర్డు కింది అంచు వేలితో తడిమి చూడండి, ఉబ్బు తెలుస్తుంది. నేల నుంచి 6 అంగుళాలు ఉందా కొలవండి. మల్చ్ ఉంటే పార తీసుకుని వెనక్కి లాగండి. కప్పు గోడని కలిసే ప్రతి మూలలో ఆ రేకు ఉందా చూడండి. స్ప్రింక్లర్ ఎటు తిరుగుతుందో చూడండి. కిటికీల చుట్టూ సీలెంట్ పగిలితే అదే వారం మళ్లీ వేయించండి. కొత్తగా వేయిస్తుంటే కాంట్రాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "కోసిన అంచుకి ఏం పూస్తారు?" వెంటనే జవాబు చెప్తే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. "అది అక్కర్లేదండి" అంటే మాత్రం ఇంకొకర్ని చూసుకోండి.

ఇక్కడ హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లకి సైడింగ్‌తో పనిలేదు, నిజమే. కానీ ఇవాళ రాత్రి సింక్ కింద కప్‌బోర్డు తెరిచి, ఫోన్ టార్చ్ వేసి, పైపు కోసం కోసిన ఆ రంధ్రం అంచు చూడండి. పచ్చి చెక్క కనిపిస్తుంటే బాగా ఆరనిచ్చి కొంచెం సిలికాన్ సీలెంట్ పూయండి. కొంచెం చాలు.

అక్కావాళ్లు కొత్త ఊరికి మారిపోయారు. పోయిన వారం వీడియో కాల్ చేసింది. పెరట్లో గోంగూర మళ్లీ వేసింది. గోడకి నాలుగడుగుల దూరంలో. చేతిలో టేపు పట్టుకుని మరీ చూపించింది.

ఈరోజుకి ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో ఇలా అర నిమిషం పని ఎగ్గొట్టడం వల్ల పాడైంది ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.